కత్తెర పడని గౌను

వల్దెలీరా, మే 4

కాసిల్దాకి పిన్ని రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకా అనుకుంటావు. ఫోన్ హాల్లో ఉంది. హాలు పక్క గదిలో మీ అరాసెలి అక్క పడుకుని ఉంది. ఐదో నెల. డాక్టరు కాళ్ళ కింద దిండ్లు పెట్టి, కదలడానికి వీల్లేదన్నాడు. కదలని మనిషికి చెవులు పెరుగుతాయి కాబోలు. నేను వంటింట్లో గిన్నెలో నీళ్ళు పోస్తే చాలు, "అమ్మా, మళ్ళీ శనగలేనా" అని అక్కడి నుంచే అడుగుతుంది. మూడు కడుపులు పోయాక నిలిచిన కడుపు. అందుకని ఆ గదిలోకి మంచి మాట తప్ప ఏదీ వెళ్ళకూడదని నా నియమం.

నీతో ఒక పని పడింది. మన గుడిలో మరియమ్మ తల్లికి పండుగనాడు తొడిగే తెల్ల పట్టు గౌను చలికాలంలో మాడ్రిడ్ మ్యూజియం వాళ్ళు పట్టుకెళ్ళారు. మన దేశపు బట్టల్ని చూసి పారిస్‌లోనూ మాడ్రిడ్‌లోనూ పెద్ద పెద్ద దర్జీలు ఏమేం కుట్టారో చూపించే ప్రదర్శనట. గుడి సంఘం పెద్ద డాన్ సెవెరో సంతకం పెట్టాడు. నేను వద్దన్నాను. "ఒబ్దులియా, పట్టు నలిగిపోయింది, వాళ్ళు బాగుచేసి ఇస్తారు, సెప్టెంబరు పండుగకి తల్లి ఒంటి మీద ఉంటుంది" అన్నాడు. తల్లిని అలంకరించేది నేనే గానీ, సంతకం పెట్టే చెయ్యి నాది కాదు కదా.

ఆ గౌను ఒకప్పుడు నా పెళ్ళిగౌను అని నీకు తెలుసు. అక్కకి ఆరేళ్ళప్పుడు మొక్కుకుని ఇచ్చేశాను. నేను మాడ్రిడ్‌లో పేరుమోసిన దర్జీ డాన్ ఎలాదియో కుట్టుశాలలో గౌన్లకి చేతులు అతికే పని చేసేదాన్ని. పెళ్ళని చెబితే ఆయనే దగ్గరుండి కుట్టి ఇచ్చాడు. అందుకే మ్యూజియం వాళ్ళకి అంత మోజు.

నువ్వు వెళ్ళి చూడు. బంగారు జరీ గోధుమ వెన్నులు ముందు వైపు ఉన్నాయా, మెడ దగ్గర లేసు ఎలా పెట్టారు, ఎవరి చేతులు తొడిగాయి, అన్నీ రాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఎవరూ నిన్ను కొరకరు. తల ఎత్తి నడు.

నీ పిన్ని
ఒబ్దులియా


మాడ్రిడ్, మే 17

ప్రియమైన పిన్నికి,

శనివారం మధ్యాహ్నం లైబ్రరీ మూశాక వెళ్ళాను. బయట పెద్ద వరస. అందరూ పెళ్ళికి వచ్చినట్టు తయారై వచ్చారు. నేను ఆఫీసు స్వెట్టర్‌తోనే ఉన్నాను.

మొదటి గది అంతా ఎద్దులతో పోరాడే మగవాళ్ళ చొక్కాల్లాంటివి. పొట్టివి, భుజాల మీద బరువైన పని. అన్నీ ఆడవాళ్ళ కొలతలు. నా ముందు ఇద్దరు పెద్దావిడలు నడుస్తున్నారు. ఒకావిడ, "ఇది వేసుకుని బస్సెక్కగలమంటావా" అంది. రెండో ఆవిడ, "బస్సెక్కేవాళ్ళ కోసం కాదులేవే ఇది" అంది.

రెండో గది నల్లది. నల్ల లేసు ముసుగులు, నల్ల కుచ్చుల శాలువలు, మెడ నుంచి మడమ దాకా నల్ల పట్టు. అక్కడ మాటలు తగ్గాయి. ఒక ముసలమ్మ తన కొడుకుతో, "మీ నాన్న పోయాక మా అత్త నాకు ఇలాంటిదే తొడిగింది. పదేళ్ళు విప్పలేదు. అప్పుడు ఎవరూ టికెట్ కొని చూడలేదురా" అంది. కొడుకు, "అమ్మా, నెమ్మదిగా" అన్నాడు.

తర్వాత పాత తైలచిత్రాల్లో రాకుమార్తెల వెడల్పు లంగాలు. ఆ లంగాతో తలుపులో నుంచి వెళ్ళాలంటే పక్కకి తిరిగి వెళ్ళాలి. తర్వాత చుక్కల గౌన్లు, అంచుల కుచ్చులు. మన జాతరలో ఎవరైనా వేసుకునేవే, కానీ కదలకుండా నిలబడి ఉంటే అవి దిగులుగా కనిపించాయి. ఒక మూల కన్యాస్త్రీల దుస్తులు చూసి కుట్టిన తెల్ల గౌను ఉంది. దాన్ని వెనక నుంచి చూసి, నాకు తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. మఠం బడి ఇంకా నా వీపులో ఉంది పిన్నీ.

నీ పట్టు చివరి గదిలో ఉంది. బాగుంది. ఒక్క మరక కూడా లేదు.

అక్కకి నా ముద్దులు. శనగలు మంచివేనని చెప్పు.

కాసిల్దా


వల్దెలీరా, మే 22

కాసిల్దా,

ఎవరి బట్టల గురించో రెండు పేజీలు రాశావు. నా గౌనుకి ఒక్క ముక్క. పైగా "గౌను" అని కూడా కాదు, "పట్టు" అని రాశావు.

చిన్నప్పుడు సిస్టర్లు నీకు అబద్ధం ఆడకూడదని నేర్పారు. నువ్వు నేర్చుకున్నది మాట మింగడం. సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు పింగాణీ గిన్నె పగలగొట్టి, నేను ఏమైందని అడిగితే, "పళ్ళెం బాగానే ఉంది పిన్నీ" అన్నావు. గుర్తుందా? ఇప్పుడూ అదే గొంతు వినిపిస్తోంది.

చిరిగిందా? తడిసిందా? మగవాళ్ళు తొడిగారా? మగవాళ్ళు తొడిగినా ఓర్చుకుంటాను, మాడ్రిడ్ కదా. ఉన్నది ఉన్నట్టు రాయి. ఉత్తరం నా పేరు మీదే పంపు. పోస్టు నేనే తీసుకుంటాను.

పిన్ని


మాడ్రిడ్, మే 30

పిన్నీ,

చివరి గదిలో ఉన్నది తల్లి గౌను కాదు. నీ పెళ్ళిగౌను.

విప్పేశారు. బంగారు వెన్నులన్నీ తీసేశారు, లేసు తీసేశారు, మడతలు తెరిచారు. పొడుగు చేతులు, ముందు నిటారుగా పడే పట్టు, వెనక నేల మీద సాగే అంచు, అంతా నీ పెళ్ళి ఫోటోలో ఉన్నట్టే. ఒక గాజు పెట్టెలో నిలబెట్టారు. తల లేని, చేతులు లేని బొమ్మకి తొడిగారు. మన తల్లికి ముఖమూ చేతులూ తప్ప ఒళ్ళు ఉండదని, లోపల చెక్క పట్టీలే ఉంటాయని నువ్వు నాకు చిన్నప్పుడు చెప్పావు. ఇక్కడ ఒళ్ళు తప్ప ఏమీ లేదు.

కింద చిన్న కాగితం. "పెళ్ళి గౌను. పట్టు. వల్దెలీరా మరియమాత సంఘం సౌజన్యం. మొదటి రూపానికి తెచ్చినది." నీ పేరు లేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎవరినీ ఏమీ అడగకుండా వచ్చేశాను. నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ వెళ్ళాను. ఈ బట్టలన్నిటి బాధ్యత చూసే ఆవిడ పేరు సెన్యోరా ఇరియార్తే. నేను గుమ్మంలో నిలబడి సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆవిడే కుర్చీ చూపించింది. వల్దెలీరా అనగానే ముఖం వెలిగింది.

"మీ ఊరి వాళ్ళకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదమ్మా. ఇలాంటివి సాధారణంగా ముక్కలుగా దొరుకుతాయి మాకు. తల్లికి ఇచ్చేటప్పుడు కత్తిరించేస్తారు కదా."

"దీన్నీ కత్తిరించారు," అన్నాను.

"లేదు. ఒక్క చోట కూడా కత్తెర పడలేదు. చేతుల్ని లోపలికి మడిచారు. వెనక అంచుని పొరలు పొరలుగా దాచారు. పైన అస్తరు వేసి, ఈ చివరి నుంచి ఆ చివరికి దూరదూరంగా కుట్లు. ఎవరు కుట్టారో గానీ, మళ్ళీ విప్పాలనే కుట్టారు."

బంగారం ఎక్కడ అని అడిగాను. సొరుగులో, మెత్తటి కాగితంలో చుట్టి ఉందట. దాన్ని కొత్త పట్టు మీద అతికి, సెప్టెంబరుకి ముందే కొత్త గౌను పంపిస్తారట. ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది. డాన్ సెవెరో సంతకం చేసిన ఒప్పందంలో అలాగే ఉంది, నాకు చూపించింది.

ఇంకేం అడగాలో నాకు తెలియలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. బస్సు కాదు, మెట్రో కాదు, ఇంటిదాకా నడిచాను.

మొదటిసారే రాయనందుకు కోప్పడు. కోప్పడితే నాకు తేలిక.

కాసిల్దా


వల్దెలీరా, జూన్ 6

కాసిల్దా,

కోపం లేదు. నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అక్క పిలిచింది, "ఏమైందమ్మా, ఏదో మాడుతోంది" అని. ఉల్లిపాయలు మాడాయి.

డాన్ సెవెరో దగ్గరికి వెళ్ళాను. సంఘం గదిలో పాత కొవ్వొత్తుల మైనం గీకుతున్నాడు.

"నువ్వు సంతోషిస్తావనుకున్నాను ఒబ్దులియా. మాడ్రిడ్‌లో గోడ మీద మన ఊరి పేరు రాశారు," అన్నాడు.

"నా పేరు రాశారా?"

"నీ పేరెందుకు? గౌను తల్లిది."

"తల్లిదయితే విప్పమనడానికి నువ్వెవరు?"

కాఫీ తాగుతావా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. చెడ్డవాడయితే తిట్టి వచ్చేదాన్ని.

ఇప్పుడు నువ్వు నాకోసం సరిగ్గా అర్థం చేసుకోవాలి. అక్కకి ఆరేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. సెవిల్ ఆసుపత్రిలో నేను పక్కన కూర్చున్నాను. నా దగ్గర విలువైనది ఆ గౌను ఒక్కటే. తల్లీ, అది తీసుకుని దీన్ని నాకు వదిలెయ్ అన్నాను. నేను బిడ్డని వదిలి రాలేక, మీ అమ్మమ్మకి కబురు చేశాను. అప్పట్లో తల్లిని అలంకరించేది అమ్మే. తలుపు వేసుకుని రెండు రోజులు కుట్టిందట. జ్వరం దిగి మేం ఊరికి వచ్చేసరికి గౌను తల్లి ఒంటి మీద ఉంది. "కత్తిరించావా అమ్మా" అని అడిగాను. "నువ్వు బిడ్డని చూసుకో" అంది. అది జవాబనుకున్నాను.

మన ఊళ్ళో పద్ధతి నీకూ తెలుసు. తల్లికి ఇచ్చే బట్ట మీద కత్తెర పడాలి. మళ్ళీ ఎవరూ తొడుక్కోలేనట్టు పడాలి. అప్పుడే ఇచ్చినట్టు. కత్తెర పడకపోతే అరువిచ్చినట్టు. అమ్మ తర్వాత ఇన్నేళ్ళూ నేనే ఆ గౌను తొడిగాను. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎన్ని పండుగలకో. ఒక్కసారి కూడా అస్తరు ఎత్తి చూడలేదు. తల్లి బట్ట లోపలి వైపు చూడరు, అది మర్యాద.

అంటే నేను ఇవ్వలేదు కాసిల్దా. ఇచ్చాననుకుని బతికాను. ఇప్పుడు నా కూతురు పక్క గదిలో కాళ్ళు పైకి పెట్టుకుని పడుకుంది. నేను మొక్కు తీర్చని మనిషిని. అమ్మని అడుగుదామంటే అమ్మ శ్మశానంలో ఉంది.

ఆ సెన్యోరాని ఒకటి అడుగు. గౌను వాళ్ళ దగ్గరే ఉంచుకోమను. నాకు వద్దు. ఒక్క కత్తెర వెయ్యమను. ఎవరికీ కనబడని చోట, లోపలి అంచులో, వేలెడు. ఆవిడ చేత్తో వేసినా సరే. బిడ్డ పుట్టేలోపు వెయ్యాలి.

నేను వచ్చి అడిగేదాన్ని. అక్కని వదిలి రాలేను.

పిన్ని


మాడ్రిడ్, జూన్ 16

పిన్నీ,

అడిగాను.

ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని వెళ్ళాను. అయినా అక్కడ మొదలుపెట్టేసరికి చివర నుంచి మొదలుపెట్టాను. "ఒక్క కత్తెర వెయ్యగలరా" అన్నాను. ఆవిడ నాకు ఒంట్లో బాగాలేదనుకుంది. నీళ్ళు తెప్పించింది. తర్వాత అంతా చెప్పాను. మొక్కు, అక్క జ్వరం, అమ్మమ్మ, ఇప్పుడు కడుపు. మధ్యలో ఆపకుండా విన్నది.

"మీ పిన్నిని నేను తక్కువ చెయ్యడం లేదు. మా అమ్మా ఇలాంటి మనిషే. కానీ ఇది నా చేతిలో లేదమ్మా," అంది.

"వేలెడు కూడానా?"

"దారప్పోగు కూడా. నేను వేస్తే నన్ను రేపు పంపించేస్తారు. అది కూడా పెద్ద విషయం కాదు. వెయ్యడానికి చెయ్యి రాదు. ఆ గౌనుకి ఏమీ కాకూడదనే కదా మీ అమ్మమ్మ అంత కష్టపడింది."

"మా అమ్మమ్మకి అలా చేసే హక్కు లేదు," అన్నాను. నేనే అన్నానా అనిపించింది.

ఆవిడ, "పెళ్ళికూతురి పేరు కాగితం మీద రాయిస్తాను. మీ పిన్ని వస్తే, జనం వెళ్ళిపోయాక ఒక్కర్నే గదిలో ఉండనిస్తాను. నేను చెయ్యగలిగింది అంతే," అంది. నిజంగా అంతేనని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. నాకు ఆవిడ మీద కూడా కోపం రాలేదు. మనకి కోప్పడడానికి ఒక్కరూ దొరకడం లేదు పిన్నీ.

ఇది కూడా రాస్తాను. నిన్న ఆదివారం పూజ అయ్యాక, పర్సులో చిన్న కత్తెర వేసుకుని మళ్ళీ వెళ్ళాను. జేబురుమాళ్ళ మీద పేర్లు కుట్టడానికి సిస్టర్లు ఇచ్చిన కత్తెర. చివరి గది దాకా ఎవరూ నన్ను చూడలేదు. నన్ను ఎవరూ చూడరు, దానికి ఎప్పుడూ బాధపడేదాన్ని, నిన్న పనికొస్తుందనుకున్నాను. తీరా అక్కడ నిలబడ్డాక గాజు పెట్టె గుర్తొచ్చింది. మూడుసార్లు చూసిన గాజు. గాజు పెట్టెకి కత్తెర తీసుకెళ్ళిన తెలివి నాది.

ఆ గదిలో కాపలా ఉండే ఆయన మనలాగే దక్షిణాదివాడు, హాయెన్ వైపు మనిషి. నన్ను గుర్తుపట్టాడు.

"అమ్మాయ్, మళ్ళీ వచ్చావా. ఇంతకీ పెళ్ళెప్పుడు?" అన్నాడు.

"పెళ్ళి నాది కాదండీ."

"అందరూ అదే అంటారు. నిన్న ఒకామె అరగంట ఏడ్చి, తన గౌను కూడా ఇలాంటిదేనంది. భర్తేమో పక్కన నిలబడి, కాదే, దానికి ఉబ్బు చేతులుండేవి అని ఒకటే గొడవ."

నేను నవ్వాను. నవ్వినందుకు సిగ్గేసింది. పర్సు గట్టిగా పట్టుకుని బయటికి వచ్చేశాను.

నీ పని చెయ్యలేకపోయాను. ఇంకెవరిని అడగాలో చెప్పు, అడుగుతాను.

కాసిల్దా


సెవిల్, జూన్ 28

కాసిల్దాకి పిన్ని రాస్తున్నది.

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కాగితం నర్సు ఇచ్చింది.

నువ్వు ఇంకెవరినీ అడగొద్దు.

సంగతి ఇది. డాన్ సెవెరో భార్య చూడ్డానికి వచ్చింది. చెర్రీ పళ్ళు తెచ్చింది, వాటితోపాటు పేపరూ తెచ్చింది. గౌను ఫోటో సగం పేజీ ఉంది. నేను కాఫీ కలపడానికి వెళ్ళి వచ్చేసరికి ఆ పేపరు అక్క పొట్ట మీద పరిచి ఉంది. ఇన్నాళ్ళు పోస్టు దాచి, రేడియో తగ్గించి, నీకు దొంగచాటుగా ఉత్తరాలు రాసి, చివరికి ఆ కబురు చెర్రీ పళ్ళతో లోపలికి వచ్చింది.

ఆవిడ వెళ్ళాక అంతా చెప్పాను. ఇంక దాచడానికి ఏం మిగిలింది. నేను ఏడుస్తుంటే అక్క నవ్వింది. "అమ్మా, అమ్మమ్మ ఆ గౌను ఎందుకు కత్తిరించలేదో నీకు తెలియలేదా? నా పెళ్ళికి ఉంచింది. నేను బతుకుతానని ఆవిడకి నమ్మకం. బతకనని నువ్వే అనుకున్నావు," అంది.

"నోరు మూసుకో" అన్నాను. తర్వాత, "మరి నీ పెళ్ళికి ముందే ఆవిడ పోయింది కదే, ఎవరికీ చెప్పకుండా" అన్నాను.

"నేను నీలం సూటు వేసుకుని రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకుంటానని అమ్మమ్మకేం తెలుసు," అంది. మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగి, "అమ్మా, పక్క తడిసింది" అంది.

నవ్వడం వల్ల కాదన్నాడు డాక్టరు. పేపరు వల్లా కాదట. ఇలాంటి కడుపులు ఇలాగే ముందొస్తాయట. అందరూ దేనివల్ల కాదో చెబుతున్నారు.

ఆడపిల్ల. గాజు పెట్టెలో పెట్టారు. నా అరచేతిలో పట్టేంత ఉంది. రొమ్ము పైకీ కిందకీ కదలడం బయటి నుంచే తెలుస్తుంది, చర్మం అంత పలచన. అక్క బాగానే ఉంది, పాలు పిండి పంపిస్తోంది. డాక్టరుని ఎన్నిసార్లు అడిగినా, "ఇవాళ ఉంది. రేపటి మాట రేపు" అంటాడు.

నిన్న ఆసుపత్రి గుళ్ళోకి వెళ్ళాను. అక్కడి మరియమ్మ నేను ఎరిగిన తల్లి కాదు, సున్నపు బొమ్మ, బట్టలే లేవు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. నోటిదాకా వచ్చింది, తల్లీ, ఇది తీసుకుని ఆ బిడ్డని నాకు వదిలెయ్ అని. "ఇది" అన్న చోట ఆగిపోయాను. మనసులో ఇల్లంతా వెతికాను. బీరువా, పెట్టె, అమ్మ చెవిపోగులు, మీ బాబాయి గడియారం. ఏదీ ఆమెకి ఇవ్వదగ్గదిగా కనబడలేదు. ఇచ్చినా, ఇచ్చానని ఇంక ఎలా నమ్మను? ఒకసారి ఇచ్చాననుకుంటేనే ఇలా అయింది. ఇవ్వకపోయినా మీ అక్క బతికింది. మరి ఆ రోజు ఆమె దేన్ని చూసి బతికించిందో, అసలు ఆమే బతికించిందో, నాకు ఇప్పుడు ఏమీ తెలియదు.

అందుకని ఊరికే అడిగాను. చేతిలో ఏమీ లేకుండా. అలా అడగడం నాకు అలవాటు లేదు కాసిల్దా. సిగ్గేసింది. "బిడ్డ" అని మాత్రం అన్నాను, రెండుసార్లు.

ఇది రాస్తున్నప్పుడు నర్సు లోపలికి వెళ్ళింది. తలుపు మూసి ఉంది. తెరుచుకున్నాక మిగతాది రాస్తాను అనుకున్నాను గానీ, పోస్టు ఇప్పుడే పోతోందట. ఇంతవరకే పంపిస్తున్నాను.

పిన్ని